చెవి పోటు, చేతి సైగ

నేను యూసుఫ్‌గూడ వాడను, సముద్రము ఎరుగనివాడను. మొన్నటి సెలవులలో విశాఖపట్టణము వెళ్లి, ఋషికొండ తీరమున గాలి సిలిండరు వీపున కట్టుకొని నీటిలోనికి దిగితిని. శిక్షకుడు ముందే నేర్పెను: ఊపిరి ఎన్నడును బిగబట్టరాదు, బొటనవ్రేలు ఎత్తినచో "బాగున్నాను" అని కాదు, "పైకి పోదము" అని అర్థము, బాగున్నయెడల బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి సున్న చుట్టవలెను.

ప్రతి 10 మీటర్ల లోతునకు నీటి వలన ఒక వాతావరణమంత ఒత్తిడి అదనముగా చేరును. అది కర్ణభేరిని లోనికి నొక్కును. నేను రెండు మూడు మీటర్లు దిగునప్పటికే చెవులు పోటెత్తినవి. శిక్షకుడు "క్షేమమా?" అని సైగ చేసెను. పిరికివాడనుకొనునని సిగ్గుపడి సున్న చుట్టితిని. అబద్ధమాడుటకు నోరు అక్కరలేదు సుమీ! మరికొంత దిగిన పిమ్మట ఓర్వలేక చెవి చూపితిని. ఆయన కోపపడలేదు. నన్ను కొంచెము పైకి తెచ్చి, ముక్కు నొక్కి మెల్లగా ఊదుమని చూపెను. పోటు తీరెను. తరువాతనే చేపలను చూడగలిగితిని.

చదువరీ, ఆరాధన ముగిసి గుడి వాకిట "క్షేమమా?" అని అడిగినవారికి మనము ఎన్నిసార్లు ఊరకనే సున్న చుట్టితిమి? అప్పో, రోగమో, ఇంటి కలహమో లోపల పోటు పెట్టుచున్నను "క్షేమమే" అందుము. ఈ ఆదివారము ఒక్కరికైనను నొప్పి ఉన్న చోటు చూపుము.