సంగటి ముద్ద

ఇంటి ఖర్చు గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు మా పుట్టపర్తి, పెనుకొండ పల్లెల రాగి సంగటి మీదికే పోతుంది. గుప్పెడు నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, సన్నసెగన మగ్గనివ్వాలి. తర్వాత ఉండ కట్టకుండా తెడ్డుతో బలంగా గెలకాలి. తడిచేత్తో ముద్దలు చేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. పక్కన ఊరిబిండి: వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు కలిపి నూరడమే. చెనిక్కాయలు ఈ నేల పంటే, కొనే భారమూ తక్కువే. మిగిలిన ముద్దను పొద్దున మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటే ఆ పూటా గడిచిపోతుంది.

1983లో ముఖ్యమంత్రి ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చారు. ఆ బియ్యం ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, కాదనను. కానీ ఆ బియ్యం ముందు సంగటి పేదల కూడన్న చిన్నచూపు మాత్రం నాకు మింగుడుపడదు. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో 10 అటూ ఇటూ. ఇప్పుడు హోటళ్లలో నాటుకోడి పులుసుతో అదే సంగటి బాగా ధర పలుకుతోంది.

అంత డబ్బు పోయనక్కర్లేదు. వారానికి రెండు పూటలైనా ఇంట్లోనే గెలికి పిల్లలకు పెట్టండి.