గచ్చిబౌలిలో పసుపు జెర్సీ

రోజూ ఆఫీసుకి గచ్చిబౌలి స్టేడియం మీదుగానే వెళ్తా. ట్రాఫిక్‌లో బైక్ ఆగితే చాలు, చూపు ఫ్లడ్‌లైట్ల మీదకి పోతుంది. ఒకప్పుడు అవి వెలిగాయంటే మన హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్ ఉన్నట్టే.

నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లింది మనవాడు కాదు, మలప్పురం నుంచి వచ్చిన కొలీగ్. 2019 నవంబర్ 2, శనివారం. ఐఎస్ఎల్‌లో మన టీమ్‌కి మొట్టమొదటి హోమ్ మ్యాచ్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. లోపలికెళ్లగానే ఎటు చూసినా పసుపు జెర్సీలే. మన రంగూ పసుపే కదా, అబ్బ, మనోళ్లు బాగానే వచ్చారే అనుకున్నా. 34వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఆ పసుపంతా ఎగిరి గంతేసింది! అప్పుడు అర్థమైంది, సొంతూళ్లో మేమే అతిథులమని. చివరికి 2-1తో మనమే గెలిచాం. మావాడు మొహం వేలాడేసినా బిర్యానీ మాత్రం తినిపించాడు.

ఈ ఊళ్లో ఒక టీమ్‌కి అభిమానుల్ని సంపాదించడం మాటలు కాదు. శుక్రవారం కొత్త సినిమా, శనివారం మాల్, ఆదివారం ఓటీటీ. పైగా మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటో బేరం. తీరా వెళ్తే స్టాండ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రన్నింగ్ ట్రాక్. ప్లేయర్ మొహం కనపడాలంటే ఫోన్‌లో జూమ్ చేయాల్సిందే.

అలాగని ఫుట్‌బాల్ మనకి కొత్తేం కాదు. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే. భారత్‌కి 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన కోచ్ రహీం సాబ్ మన ఊరాయనే. ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా నాకూ ఆ సంగతి తెలీదు, అది వేరే విషయం.

తర్వాత కోవిడ్. రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడారు. 2022 మార్చి 20న ఫైనల్, మళ్లీ కేరళతోనే. 1-1 అయ్యాక పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. ఛాంపియన్స్! రూమ్‌లో నేనొక్కడినే అరిచా. పక్క గదిలోంచి "ఏమైంది బ్రో, ఆర్ఆర్ఆర్ టికెట్లు దొరికాయా?" అన్నాడు రూమ్మేట్. వాడి తప్పేముంది? ఐదు రోజుల్లో ఆర్ఆర్ఆర్, ఆ మర్నాడే ఐపీఎల్. ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగని సీజన్‌లో ఊరి టీమ్ కప్పు కొట్టేసింది.

టీమ్ తిరిగొచ్చాక నేనో రూల్ పెట్టుకున్నా. మ్యాచ్‌కో కొత్త మనిషిని తీసుకెళ్లాలి. "బిర్యానీ నాది, తొంభై నిమిషాలు నీవి" అనేది డీల్. ఆ సీజన్‌లో ఏడుగురిని లాక్కెళ్లా. ముగ్గురు తర్వాత వాళ్లంతట వాళ్లే వచ్చారు. అందులో కూకట్‌పల్లిలో బీటెక్ చదివే మా పిన్ని కొడుకు ఒకడు. రెండో మ్యాచ్‌కే జెర్సీ వేసుకుని, పక్కన ఇద్దరు ఫ్రెండ్స్‌తో దిగాడు. నాకు అప్పుడు తెలిసింది: ఫ్లెక్సీ చూసి ఎవడూ ఫ్యాన్ అవ్వడు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. ఆ తర్వాత పది వారాలు అదే గేటు, అదే టీ, అదే మొహాలు. అలవాటవ్వాలి. అలవాటుకి టైమ్ కావాలి.

ఆ టైమే దొరకలేదు. ఆ ఏడు లీగ్‌లో రెండో స్థానం. మరుసటి సీజన్‌కి డబ్బు కష్టాలు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం, ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగు. 2025లో టీమ్ పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

ఆ వార్త వచ్చిన రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఇప్పుడు మనం ఢిల్లీకి సపోర్ట్ చేయాలా?"

"నీ ఇష్టం రా" అన్నా. కాసేపు మాట్లాడలేదు వాడు. "మరి శనివారం?" అన్నాడు.

ఇప్పుడు శనివారాలు కొండాపూర్‌లో ఒక టర్ఫ్ బుక్ చేసి మేమే ఆడుతున్నాం. ఐదుగురం స్టాండ్‌లో కలిసినవాళ్లమే. తమ్ముడు ఇంకా ఆ పసుపు జెర్సీలోనే వస్తాడు. మొన్న ఎవరో కుర్రాడు "అది ఏ టీమ్ అన్నా?" అని అడిగితే, ఆట ఆపి మరీ కూర్చుని చెప్పాడు.