పేరు తీయడమే కష్టం

ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. ఎన్నికల సంఘం లెక్కలో బీఎల్‌ఓని కూడా. ఒక పోలింగ్ బూత్ ఓటరు లిస్టు చూసుకునే పని నాది. కొత్త పేరు చేర్చడం పెద్ద పనేం కాదు. పద్దెనిమిది నిండిన పిల్లలు ఫారం 6 వాళ్లే ఫోన్లో నింపేస్తున్నారు. 2022 నుంచి ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా అర్హత తేదీలే కాబట్టి జనవరి దాకా ఆగక్కర్లేదు. చెమటలు పట్టేది పేరు తీసేటప్పుడే.

చనిపోయినవాళ్లకి ఫారం 7. "మీ అత్తగారి పేరు తీసెయ్యనా వదినా?" అని అడగడానికి నోరు రాదు. అడిగితే, "ఉండనీ టీచరమ్మా, నీకేం బరువు?" అంటారు. ఇక్కడ తీస్తే రేషన్ కార్డులోనూ ఒక మనిషి తగ్గుతుందేమోనని కొందరి భయం. రెండూ వేరని ఎంత చెప్పినా నమ్మరు.

బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవాళ్ల సంగతి ఇంకా చిక్కు. ఇంటికి తాళం. వెళ్లి ఏళ్లయిందని పక్కింటివాళ్లు చెప్తారు. 1950 చట్టం ఏమంటుందంటే, ఊళ్లో ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు. కొన్నాళ్లు ఊళ్లో లేనంత మాత్రాన నివాసి కాకుండానూ పోడు. ఈ రెంటి మధ్య ఆ తాళం ఎటువైపో నేను చూసి రాయాలి. నిర్ణయం పైఅధికారిదే, కానీ ఆయన చూసేది నా రాతే.

మా అక్క కొడుకు జర్మనీలో ఉంటాడు. అక్కడ ఇల్లు మారితే రెండు వారాల్లో కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలి, పరాయి దేశస్థుడైనా సరే. ఆ రిజిస్టరు నుంచే ఓటర్ల జాబితా తీస్తారు. ఓటున్న పౌరులకి ఎన్నికల ముందు కాగితం ఇంటికే వస్తుంది, దరఖాస్తు లేదు. "మీ పని ఇక్కడ కంప్యూటరు చేస్తుంది పిన్నీ" అని వాడి ఎగతాళి. బాగానే ఉంది. సైటు సైటుకీ రేకుల షెడ్డు మారే మా మేస్త్రీలు ఏ ఆఫీసుకెళ్లి చెప్పుకుంటారు?

నాకు నచ్చింది అమెరికా పద్ధతిలో ఒక ముక్క. నార్త్ డకోటాలో అసలు ఓటరు నమోదే లేదు, అది వదిలేయండి. చాలా రాష్ట్రాలకు వర్తించే 1993 చట్టం ప్రకారం, ఇల్లు మారాడన్న అనుమానంతో పేరు కొట్టేయడానికి లేదు. నోటీసు ఇవ్వాలి. జవాబు రాకపోతే, ఆ తర్వాత రెండు జాతీయ సాధారణ ఎన్నికల్లోనూ ఓటు వేయకపోతేనే తీయాలి. మనకూ నోటీసు ఉంది. తాళం వేసిన తలుపుకి అంటించిన నోటీసు ఎవరు చదువుతారు?

మా వాళ్లంతా దిగేది సంక్రాంతికి. తుది జాబితా మామూలుగా జనవరి మొదటి వారంలోనే వచ్చేస్తుంది. అందుకని భోగి నాటికల్లా ఫారం 6, ఫారం 8 కట్టలు సంచిలో పెట్టుకుంటాను. పేరు పోయినవాడికి మొదటిది, హైదరాబాదుకి మార్చుకుంటానన్నవాడికి రెండోది. మార్చుకుంటానని నోరు తెరిచి అడిగేవాళ్లు మాత్రం తక్కువే.