పెరట్లో ఆడపిల్లలు

పదిహేను నవలలు రాశాను. నా కథానాయికలు మామిడిచెట్టు కిందా, పొగడచెట్టు కిందా చేరి కావలసినంత ఏడ్చారు. కాని చెట్లలో కూడా ఆడా మగా వుంటాయన్న సంగతి, బి.ఏ. చదివిన నాకు, మా అత్తగారు బొప్పాయి వేసేదాకా తట్టలేదు సుమండీ!

ఆవిడ వూరినించి నాటుపండొకటి తెచ్చారు. గింజల మీది జిగురు పొయ్యేదాకా బూడిదతో రుద్ది, కడిగి, నీడన ఆరబెట్టి నారు పోశారు. మూడు వారాలకి మొలకలొచ్చాయి. జానెడెత్తు కాగానే, నీళ్ళు నిలవని చోటు చూసి, గోడవారగా ఆరు మొక్కలు నాటించారు.

"ఒకటి చాలదా అత్తయ్యగారూ?" అన్నాను.

"చాలదే. ఏది ఆడదో ఏది మగదో పూత పూసేదాకా బ్రహ్మక్కూడా తెలీదు" అన్నారు.

ఆరో నెలలో పూత వచ్చింది. నాలుగు చెట్లకి మానుని అంటిపెట్టుకుని, అడుగున బొద్దుగా వున్న మొగ్గలు. రెండింటికి మాత్రం పొడుగాటి కాడలు జారి, వాటినిండా సన్నటి పూలు, పెళ్ళిపందిట్లో తోరణాల్లా! చూడ్డానికి అవే ముచ్చటగా వున్నాయి.

పక్కింటి పిన్నిగారు గోడమీంచి తొంగిచూసి, "ఆ తోరణాలవి మగవి, కాయవు. కొట్టించెయ్యండి. ఈసారి రెడ్ లేడీ రకం వేసుకోండి, అందులో ఉత్త మగచెట్టన్నదే రాదు" అని తీర్పు చెప్పారు.

మా అత్తగారి మొహం చిన్నబోయింది. "అయ్యో, రెండూ మగవేనా!" అన్నారు.

ఆ గొంతు నాకు బాగా గుర్తు. పదిహేడేళ్ళ కిందట ఆస్పత్రి గుమ్మంలో నిలబడి "ఇదీ ఆడపిల్లేనా!" అన్నది ఆ గొంతుతోనే. నవ్వాలో ఏడవాలో తెలియక నేను తులసికోట వైపు తిరిగాను. ఆ "ఇదీ" అయిన మా చిన్నది మాత్రం వూరుకోలేదు.

"నాయనమ్మా, మగపిల్లలు పుట్టారని ఏడుస్తున్నావా?" అంది.

అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

కడుపులో వున్నది ఎవరో చెప్పకూడదని మనుషులకోసం 1994లో చట్టమే చెయ్యవలసి వచ్చింది. బొప్పాయికి అలాంటి చట్టాలేవీ లేవు. మర్నాడే మనిషిని పిలిచి ఒక మగచెట్టు కొట్టించారు. రెండోదాని దగ్గరకొచ్చేసరికి, "దాన్నుండనీ. పుప్పొడికి ఒక్కటన్నా వుండాలి" అన్నారు. మాట నిజమే గాని, అందులో కొంత జాలి కూడా లేకపోలేదని నా అనుమానం.

మరి అయిదు నెలలకి మొదటి కాయ మీద పసుపు చార కనపడింది. కోసి, రెండ్రోజులు బియ్యం డబ్బాలో మగ్గేశారు. మా యింట్లో ఏ పండైనా మొదటి ముక్క మా మరిదిగారి అబ్బాయిదే. ఆవేళ వాడు ఎదురుగానే కూచున్నాడు కూడా. ఆవిడ ముక్క కోసి మా చిన్నదాని చేతిలో పెట్టారు.

"నీళ్ళు పోసింది నువ్వేగా, తిను" అన్నారు.

అది ఏనాడూ చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నేనేం మాట్లాడలేదు. గింజలు మాత్రం పారెయ్యకుండా, బూడిదతో రుద్దడానికి పట్టుకెళ్ళాను.