బోటైనా ట్రాక్టరైనా, బండితో పాటు కాగితం కూడా చేతులు మారాలి



ఈసారి పురుగుమందు గురించి కాదు, వడ్ల రేటు గురించీ కాదు. కెనడాలో ఒక పాత బోటు గురించి రాస్తున్నాను. "మన కాలవలోకే నీళ్ళు సరిగ్గా రావట్లేదు, మనకి బోటెందుకయ్యా" అంటారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ బోటు తిరిగి తిరిగి చివరికి మీ షెడ్డులో ఉన్న ట్రాక్టరు దగ్గరికే వస్తుంది.

మా పెద్దోడు కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, అబాట్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ మన పంజాబీ రైతులు బ్లూబెర్రీ తోటలు బాగా వేస్తారు. వీడు ఒక పళ్ళ ప్యాకింగ్ షెడ్డులో పని. ఆదివారం పూట చేపలు పట్టడం సరదా. దగ్గర్లో హారిసన్ లేక్ అని పెద్ద సరస్సు ఉందట. అందులో తిరగడానికి పోయిన వేసవిలో ఒక ముసలాయన దగ్గర పాత బోటు కొన్నాడు. 16 అడుగుల అల్యూమినియం బోటు, వెనక 40 హెచ్‌పీ ఇంజను. ఇంజనుతో కలిపి 8,000 డాలర్లు. డాలరు 60 రూపాయలు వేసుకుంటే 4 లక్షల 80 వేలు. మన లెక్కలో ఒక మంచి పాత ట్రాక్టరు డబ్బు.

బేరం అయ్యింది, ఇద్దరూ ఒక అమ్మకం కాగితం రాసుకున్నారు. ఇద్దరి పేర్లు, అడ్రసులు, ధర, తేదీ, బోటు నంబరు, సంతకాలు. అక్కడ బోటుకి వెనక కుడివైపు పైన అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే నంబరు చెక్కి ఉంటుంది. మన ట్రాక్టరుకి చాసిస్ నంబరు ఎలాగో అలాగ. ఆ నంబరు కాగితంలో ఉన్నదీ బోటు మీద ఉన్నదీ ఒకటేనా అని మావాడు వంగి చూసుకున్నాకే డబ్బు ఇచ్చాడట.

ఇంతవరకు మనమూ చేస్తాం. ఆ తరవాతది వినండి.

డబ్బిచ్చి బోటు ఇంటికి తెచ్చుకున్నాక వీడు తనంతట తానే ప్రభుత్వానికి 960 డాలర్లు పన్ను కట్టాడు. అంటే 57,600 రూపాయలు. ఆ రాష్ట్రంలో నియమం ఏంటంటే, పాత బోటుని షాపులో కాకుండా మామూలు మనిషి దగ్గర కొంటే, కొన్నవాడే ధర మీద 12 శాతం అమ్మకం పన్ను కట్టాలి. కొన్న నెల అయిపోయాక, ఆ తర్వాతి నెల ఆఖరు రోజు లోపు ఫారం నింపి పంపాలి. అదే బోటు షాపువాడి దగ్గర కొంటే కేంద్రం జీఎస్టీ 5 శాతం, రాష్ట్రం పన్ను 7 శాతం. అదీ కలిపితే 12 శాతమే. కాబట్టి షాపు తప్పించి బయట కొన్నంత మాత్రాన పన్ను తప్పదు.

పక్కనే అల్బెర్టా అని ఇంకో రాష్ట్రం ఉంది. అక్కడ రాష్ట్రం అమ్మకం పన్నే లేదు. "మరి అక్కడికెళ్ళి కొనుక్కోకపోయావా" అన్నాను. నేను ఈ దేశం వాడినే కదా, ముందు వచ్చే ఆలోచన అదే. "అక్కడ కొన్నా ఇక్కడికి తెచ్చి వాడుకుంటే ఇక్కడి పన్ను కట్టాల్సిందే నాన్నా" అన్నాడు.

ఇంకో మాట అడిగాను. "బోటు నీ ఇంటి ముందుంది. అమ్మినాయన డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. పన్ను కట్టమని నిన్ను ఎవరైనా అడిగారా?"

"ఎవరూ అడగలేదు."

"మరెందుకు కట్టావురా?"

"8,000 పెట్టి కొన్నవాణ్ణి, 960 దగ్గర దొంగనెందుకవ్వాలి నాన్నా. రేపు పట్టుకుంటే వడ్డీ, జరిమానా కట్టాలి. అదీకాక రేపు నేను అమ్మాలన్నా ఈ బోటు నాదని చూపించేది ఈ కాగితాలే కదా" అన్నాడు.

ఆ మాట నాకు రెండు రోజులు మనసులో ఉండిపోయింది.

అయితే అక్కడంతా స్వర్గం అని నేను అనను. ఒకసారి కొత్తగా కొన్నప్పుడు పన్ను కట్టిన వస్తువు మీద చేతులు మారిన ప్రతిసారీ మళ్ళీ పన్నేంటి? ఆ బోటు ఐదుగురి చేతులు మారితే ఐదుసార్లు పన్ను. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు. వాడితో కూడా అదే అన్నాను. వాడు నవ్వాడు గానీ కాదనలేదు.

ఇక రిజిస్ట్రేషన్ సంగతి. అక్కడ రెండు వేరు వేరు కాగితాలున్నాయి. ఒకటి లైసెన్సు. 10 హెచ్‌పీ, అంతకు పైన ఇంజను ఉన్న సరదా బోటు ఏదైనా దానికి కేంద్ర ప్రభుత్వం రవాణా శాఖ ఇచ్చే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు బోటు ముందు భాగంలో రెండు పక్కలా, దూరానికి కనపడేలా మూడంగుళాల అక్షరాలతో వేయాలి. బోటు అమ్ముడుపోతే లైసెన్సు కొత్తవాడి పేరుకి మార్చుకోవాలి. నీళ్ళలో ఏదన్నా ప్రమాదం జరిగితే వెతికేవాళ్ళకి ఆ నంబరే ఆధారం. పాతాయన పేరు మీదే ఉంటే పోలీసులు పోయి పాతాయన తలుపు కొడతారు.

కానీ ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన బోటు నీదని రుజువు కాదు. దానికి ఇంకోటుంది, ఓడల రిజిస్టరు. అందులో ఎక్కిస్తే బోటుకి ఒక పేరు కూడా వస్తుంది, ఆ పేరు ఇంకెవరికీ ఇవ్వరు. యజమాని ఎవరో, బోటు మీద తనఖా ఉందో లేదో అందులో రాసి ఉంటుంది. చిన్న సరదా బోట్లకి అది తప్పనిసరి కాదు గనక మావాడు లైసెన్సుతో సరిపెట్టుకున్నాడు. కొనేముందు మాత్రం ఆ బోటు మీద అప్పు ఉందేమో రాష్ట్రం వాళ్ళ తనఖాల రిజిస్టరులో కొద్దిగా ఫీజు కట్టి వెతికించాడు. ఎందుకంటే అప్పు మనిషితో పోదు, వస్తువుతో పాటే వస్తుంది.

బోటుని మోసుకెళ్ళే ట్రైలరుకి మళ్ళీ వేరే నంబరు. అది రోడ్డెక్కుతుంది కాబట్టి కారు మాదిరే దానికి రోడ్డు రిజిస్ట్రేషన్. పేరు మార్చుకున్న చోటే దాని పన్ను కట్టించుకున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

మన దగ్గర ఇద్దరు రైతుల మధ్య పాత ట్రాక్టరు చేతులు మారితే జీఎస్టీ లేదు. కెనడాలో మావాడు కట్టినట్టు ధర మీద 12 శాతం ఎవరూ అడగరు. పేరు మార్పు ఫీజు ట్రాక్టరు ధర ముందు లెక్కలోకి రానంత. అంటే మన భారం చాలా తక్కువ. అయినా మన ఊళ్ళల్లో పాతవి కొన్న ట్రాక్టర్లు ఎన్ని కొన్నవాడి పేరు మీద ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి. అమ్మినవాడు తెల్ల ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తాడు, కొన్నవాడు వాటిని బీరువాలో పెడతాడు. ఆ బండి మళ్ళీ ఇంకొకడికి అమ్ముతాడు, ఫారాలు కూడా అలాగే చేతులు మారతాయి. ఆర్సీ మీద మాత్రం మొదటివాడి పేరే.

దీనివల్ల ఏమవుతుందో సుప్రీం కోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చి చెప్పింది. ఒకాయన 2007లో తన కారు అమ్మేశాడు. అది ఒకరి నుంచి ఒకరికి మూడు నాలుగు చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. బండికి ఇన్సూరెన్సు లేదు. అమ్మినాయన, బండి నాది కాదు మొర్రో అన్నాడు. కోర్టు ఏమందంటే, రిజిస్టరులో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో వాడే యజమాని, దెబ్బతిన్నవాళ్ళు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు, పరిహారం నువ్వే కట్టాలి అంది. అమ్మి డబ్బు తీసుకున్నంత మాత్రాన చేతులు దులుపుకోవడం కుదరదు.

మా పక్క ఊళ్ళో ఒక పెద్దాయన పరిస్థితి అదే. ట్రాక్టరు అమ్మి ఆరేళ్ళు అయ్యాక కోర్టు నోటీసు వచ్చింది. ఆ ప్రమాదం జరిగిన ఊరు కూడా ఆయన ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వాయిదా వాయిదాకీ కర్ర పట్టుకుని బస్సెక్కుతున్నాడు.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందంటే, నా పాత ట్రాక్టరు ఇప్పుడు బేరంలో ఉంది. కొంటానన్నది బయటివాడు కాదు, మా పెదనాన్న కూతురి కొడుకు. ధర కుదిరింది. ఆఖర్లో వాడు, "మామయ్యా, పేరు మార్పు ఇప్పుడొద్దు, నీ పేరు మీదే ఉండనీ, ఇంకో పది వేలు ఎక్కువిస్తా" అన్నాడు. ఎందుకురా అంటే, వ్యవసాయం బండిగానే ఉంటే బాగుంటుంది, రాత్రిళ్ళు ఇసుక తోలుకోవాలి అన్నాడు. నేను కుదరదన్నాను. "సొంతవాళ్ళ మీద కూడా నమ్మకం లేదా" అని లేచి వెళ్ళిపోయాడు. మా అక్క అప్పటినుంచి ఫోను చెయ్యలేదు.

వాడి మీద నాకు నమ్మకం లేక కాదు. రాత్రిపూట ఇసుక లోడుతో రోడ్డు మీద పోయే బండి మీద, ఎదురుగా లైటు లేకుండా వచ్చే సైకిలు మీద నమ్మకం లేదు. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ, వ్యవసాయానికి అని రాయించి ఇసుక తోలారు కదా అని తగువు పెడుతుంది. ఆ తరవాత నా ఎకరంన్నర పొలం దాకా వస్తుంది. ట్రాక్టరు అమ్మిన డబ్బుతో పిల్ల పెళ్ళి అప్పు తీరుద్దామనుకున్నాను. బండి ఇంకా షెడ్డులోనే ఉంది. అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంది. అయినా మాట మార్చదలచుకోలేదు.

మీకోసం నాకు తెలిసిన లెక్క రాస్తున్నాను.

అమ్మేవాళ్ళు: ఫారం 29, ఫారం 30 మీద సంతకం పెట్టి ఊరుకోవద్దు, అవి ఆర్టీవో ఆఫీసుకి చేరాయో లేదో చూసుకోండి. అమ్మిన 14 రోజుల్లో ఆఫీసుకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. కొనేవాడు వేరే రాష్ట్రం వాడైతే 45 రోజుల గడువు, దానికి ఎన్వోసీ కావాలి. అది ఫారం 28. ఇప్పుడు ఆంధ్రా, తెలంగాణా రెండు రాష్ట్రాలని మర్చిపోవద్దు. కృష్ణా ఒడ్డున ఉన్నవాడికి అవతలి ఊరు చుట్టాల ఊరే, కానీ ఆర్టీవోకి అది వేరే రాష్ట్రం.

కొనేవాళ్ళు: 30 రోజుల్లో మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టండి. ఆర్సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరుందేమో ముందే చూడండి. అప్పు తీరిపోయిందని నోటిమాట చాలదు, ఫారం 35, బ్యాంకు ఇచ్చిన కాగితం రెండూ చేతికి తీసుకోండి. చాసిస్ నంబరు, ఇంజను నంబరు గుడ్డతో తుడిచి మీ కళ్ళతో చదవండి. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయండి. ట్రాలీ సంగతి మర్చిపోవద్దు. దానికీ వేరే నంబరు ఉండాలి, ఇన్సూరెన్సు కాగితంలో అదీ ఎక్కాలి. కెనడాలో బోటు ట్రైలరుకి ఉన్నట్టే.

ఇంటి పెద్ద చనిపోతే: చాలా ఇళ్ళల్లో ట్రాక్టరు ఇంకా నాన్న పేరు మీదే నడుస్తుంటుంది. వారసులు 30 రోజుల్లో ఆఫీసుకి తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి పేరు మార్చుకోవాలి. దినకర్మల హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. పక్కన ఉన్న మనమే గుర్తు చెయ్యాలి.

పొలం కొంటే రిజిస్టరాఫీసు మెట్లెక్కకుండా పైసా ఇవ్వం. గట్టు జానెడు జరిగితే సర్వేయరుని పిలుస్తాం. గేదెని కొంటే పగ్గం చేతికివ్వందే ఇంటికి తోలుకురాం. మనిషి ప్రాణం తీయగలిగే ఇనప బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మనవాడే కదా" అంటాం. చుట్టరికం గట్టిగా ఉండాలంటే కాగితం ఇంకా గట్టిగా ఉండాలి. మా అక్కకి కూడా ఏదో ఒకరోజు ఇదే చెబుతాను.

ఇది చదివాక ఒక్క పని చెయ్యండి. ఎం పరివాహన్ యాప్‌లో మీరు ఇదివరకు అమ్మేసిన బండి నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు అక్కడ పూర్తిగా కనపడదు, మధ్యలో చుక్కలుంటాయి. అయినా మన పేరు మనకి తెలియకుండా ఉండదు. ఇన్సూరెన్సు తేదీ కూడా చూడండి. అక్కడ ఇంకా మీ పేరే ఉంటే, కొన్నవాడు ఎంత దగ్గర చుట్టమైనా, రేపు పొద్దున్నే పాలు తీసిన వెంటనే వాళ్ళ ఇంటికి వెళ్ళండి.