నోరు తిరగదన్నారు

పోయిన వారం పలాస జీడి బట్టీల్లో మా ఆడవాళ్ళ కూలి గురించి రాశాను. మిగతాది తర్వాత. ఈ వారం డచ్చి భాష. నవ్వకండి.

మా మేనకోడలు నెదర్లాండ్స్ పౌరసత్వం ఉన్న తెలుగబ్బాయిని చేసుకుంది. అక్కడికి కాపురానికి వెళ్ళాలంటే ముందు ఇక్కడే వాళ్ళ భాషలో పరీక్ష పాసవ్వాలి. 2006 నుంచి ఉన్న నియమం. చదవడం, మాట్లాడడం, ఆ దేశం గురించి కొన్ని సంగతులు. ఇప్పుడు ఏ1 స్థాయి, అంటే మొదటి మెట్టు. రోజూ సాయంత్రం సుమ్మాదేవిలో మా అరుగు మీద ఫోన్లో క్లాసు. పక్కన నేను.

"ఏటిది మావయ్యా, చందమామ ఒకటైతే రెండు ఏలు, ఎక్కువైతే ఒక్క ఏ?"

నిజమే. 'మన్' అంటే మగమనిషి, మధ్యలో ఒక్క ఏ. 'మాన్' అంటే చందమామ, రెండు ఏలు. చందమామలు 'మానెన్', అందులో ఒక ఏ ఎగిరిపోతుంది. మగవాళ్ళు 'మనెన్', అక్కడ ఎన్ రెండవుతుంది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. అక్షరం అచ్చుతో ఆగితే ఆ అచ్చు దానంతటదే దీర్ఘం. వెనక హల్లు వచ్చి మూసేస్తే దీర్ఘానికి రెండు రాయాలి. హ్రస్వాన్ని కాపాడుకోవాలంటే వెనక హల్లుని రెండు చెయ్యాలి. కానీ ఆ రెండు హల్లుల్ని మనం 'అమ్మ', 'అక్క' అన్నట్టు ఒత్తి పలక్కూడదు. ఒత్తు రాతలోనే ఉంటుంది, నోట్లో ఉండదు. మాకు అదే పెద్ద తిప్పలు.

మా స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరుంటుంది కదా. ఏది పొడుగో ఏది పొట్టో ఇంగ్లీషు చెప్పదు. డచ్చి లెక్కన చదివితే రెండు ఎంల ముందు 'సు' పొట్టి, 'మా' పొడుగు, 'దే' పొడుగు. సరిగ్గా మా ఊరే! 'సు' మాత్రం చెడింది, వాళ్ళ యు మన ఉకారం కాదు. మన 'ఊ' కావాలంటే ఓ, ఇ పక్కపక్కన రాస్తారు. పుస్తకం 'బూక్' అలాగే.

అసలు సంగతికొస్తాను. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు బళ్ళో 'భాష' అనమన్నారు. 'బాస' అన్నాను. మళ్ళీ అనమన్నారు. మళ్ళీ బాసే. "మీవాళ్ళకి నోరు తిరగదురా" అని మేష్టారు చేతి మీద కొట్టారు. బుగతల పిల్లలూ బాసే అనేవారు. వాళ్ళది యాస, మాది పుట్టుక.

ఈ క్లాసులో 'మ్యూర్' అనే మాట వచ్చింది, గోడ అని. రెండు యులు. మన భాషలో ఆ శబ్దం లేదు. పాఠం చెప్పే డచ్చామె ఏం చేసిందంటే, 'ఈ' అనమంది. నాలుకని అక్కడే ఉంచి, పెదాలు మాత్రం ఊదినట్టు గుండ్రంగా చుట్టమంది. మా అమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు పెట్టాను. వచ్చేసింది! 'ఏ' అంటూ పెదాలు చుడితే ఇంకో అచ్చు వచ్చింది, తలుపుకి వాళ్ళు చెప్పే మాటలోది. ఇల్లు అనే మాట దగ్గర మాత్రం మూడు రోజులు 'హౌస్', 'హాయ్స్', 'హుయ్స్' అన్నీ తప్పే. అదే క్లాసులో ఇంటి పేరు వింటేనే కులం తెలిసిపోయే పెద్దింటి పిల్లలున్నారు. వాళ్ళకీ రాలేదు. ఆమె ఎవరి తాతనీ తవ్వలేదు, పెదవి చూసి దిద్దింది.

నాలుక ఎక్కడ పెట్టాలో, గాలి ఎంత వదలాలో చెప్పడం ఇంత తేలికా? మరి నాకెందుకు చెప్పలేదు?

ఇంకోటి. మే నెల 'మెయ్', నన్ను అన్నా 'మెయ్'. రాతలు వేరు, పలుకు ఒక్కటే. పూర్వం శబ్దాలు వేరుగా ఉండేవట, కలిసిపోయాయి. శ, ష, స మా నోట్లో కలిసినట్టే. అక్కడ దానికి ఎవరినీ తక్కువజాతి అనరు. చెట్లు అనే మాటకి రెండు ఓలు రాసేవాళ్ళు, 1934 సంస్కరణలో ఒకటి తీసేశారు. రాతే మనుషుల కోసం మారింది.

డచ్చివాళ్ళు దేవుళ్ళని కాదు నేననేది. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 17వ శతాబ్దంలో కరువు కాలాన ఈ కోరమండల్ తీరంలోనే మనుషుల్ని కొని బటావియాకి ఓడలెక్కించారు.

మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులు గారున్నారు. మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవర నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన ఆయన సవర పుస్తకం పేరులోనే 'సోర' అన్న మాటలో ఓ పక్కన, ఏ పక్కన రెండేసి చుక్కలుంటాయి, దీర్ఘమని. కొండమీది మనుషుల అచ్చు ఎంత పొడుగో అంత శ్రద్ధగా కొలిచారు. దానికి దండం. కానీ వాడుక భాష గెలిచినప్పుడు గెలిచింది శిష్టుల వాడుక. మా వాడ వాడుక బళ్ళోకి రాలేదు, వస్తే దెబ్బ తినింది.

నిన్న రాత్రి అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'బ' అన్నాను. తర్వాత గాలి గట్టిగా వదిలి 'భ' అన్నాను. అరచేతికి వెచ్చగా తగిలింది. యాభై దాటాక.

మేనకోడలి పరీక్ష వచ్చే నెల ఢిల్లీలో. రైలు టికెట్లు తీశాను. ఇల్లు అనే మాట దానికి ఇంకా రావట్లేదు.