ఖాళీ గడికి రెండర్థాలు

మాది మదనపల్లె అనగానే బెంగుళూరులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "టమోటా రేటెంత?" అని. రేటు సంగతి నాకు తెలీదు గానీ, నల్ అంటే ఏంటో మాత్రం టమోటాల వల్లే తెలిసొచ్చింది. ఇంజనీరింగులో మార్కులైతే వచ్చాయి లెండి.

మా మామకి మార్కెట్ యార్డులో మండీ ఉంది. సెలవులకి వెళ్ళినప్పుడు లెక్కల కోసం చిన్న ప్రోగ్రాం రాసిచ్చా. రైతులు, వ్యాపారులు, లాట్లు, మూడు టేబుళ్ళు. లాటు కొన్న వ్యాపారి నంబరు ఫారిన్ కీ. సరుకు దిగేటప్పటికి కొనేదెవరో తెలీదు కదా, అందుకని అక్కడ నల్ ఉండనిచ్చా. అందులో తప్పేం లేదు. ఫారిన్ కీలో నంబరు ఉంటే అది వ్యాపారుల టేబుల్లో ఉండితీరాలి. నల్ అయితే డేటాబేసు అసలు వెతకదు.

మొదటి రోజే పుంగనూరు వైపు రైతొకాయన పట్టీ చూసి, "అరవై క్రేట్లు తెస్తి గదప్పా, ఇందులో నలభయ్యే ఉండాయే?" అన్నాడు. ఆయన రెండో లాటు, ఇరవై క్రేట్లు, మెత్తబడిందని ఎవరూ పాడలేదు. పారబోశారు. నేను రాసిందేమో ఇన్నర్ జాయిన్. వ్యాపారి లేని లాటు పట్టీలోంచే మాయం! డబ్బు ఎలాగూ రాలేదు, తెచ్చిన సంగతి కూడా లేకుండా చేశా. కోత కూలి, బండి బాడుగ మాత్రం ఆయన చేతినుంచి పోయినవే.

తెలివిగా సున్నా నంబరుతో 'ఎవరూ కాదు' అని ఓ ఉత్తుత్తి వ్యాపారిని చేర్చా. వారం తిరిగేసరికి ఎక్కువ సరుకు కొన్నవాళ్ళ లిస్టులో ఆయనా ఉన్నాడు :)

మామ నవ్వి తన నోటుపుస్తకం చూపించాడు. ఇంకా పాటకి రాని లాటు ఎదురుగా ఖాళీ. పారబోసిన దాని ఎదురుగా గీత. అంతే! 'ఇంకా తెలీదు', 'ఇక ఉండడు' అనే రెండు సంగతుల్ని నేను ఒకే నల్‌లో కుక్కేశా. 1970లో రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదించిన కాడ్ కూడా, 1990 నాటి తన పుస్తకంలో ఈ రెంటికీ వేర్వేరు గుర్తులుండాలన్నాడు. ఎస్‌క్యూఎల్‌లో మాత్రం ఒక్క నల్లే ఉంది.

ఇప్పుడు ఫారిన్ కీ నల్‌గానే ఉంటుంది. పక్కన 'స్థితి' అని ఇంకో కాలమ్: పాటకుంది, అమ్మాం, పారబోశాం. పట్టీకి లెఫ్ట్ జాయిన్. ఆ ఇరవై క్రేట్లూ కనబడతాయి, ఎదురుగా గీతతో.

దాంతో ఆయనకి రూపాయి కూడా రాలేదు. తెచ్చినవి అరవై అని కాగితం మీద ఉంది, అంతే. మీరూ ఇన్నర్ జాయిన్ రాసేముందు ఓసారి చూసుకోండి, ఎవరి క్రేట్లు రాలిపోతున్నాయో.